ఒప్పించు రచన

గద్యరచనలన్నియు ఒక్క తీరున నుండవు. జరిగినది చెప్పునది వార్త, చరిత్ర. తెలియనిదానిని తెలుపునది శాస్త్రవ్యాసము. ఇవి గాక, పాఠకుని అభిప్రాయమును మార్పదలచిన రచన యొకటి కలదు. పీఠిక, వినతిపత్రము, అసమ్మతిపత్రము, పత్రికావ్యాసము మొదలగునవి తరచుగా ఈ పనిని చేయును. ఇట్టి రచన యెట్లుండవలెనో తెలిసికొనుటకు ఉత్తరాంధ్రమునకు చెందిన ఇద్దరు మిత్రుల వ్రాతలు చాలును. వారు గురజాడ అప్పారావు (1862-1915), గిడుగు వేంకట రామమూర్తి (1863-1940). ఇరువురును బాల్యమున విజయనగరములో సహాధ్యాయులు.

ధనము పుచ్చుకొని పసిబిడ్డలను వృద్ధులకు కట్టబెట్టు దురాచారము ఆ కాలమున ప్రబలియుండెను. దానిపై గురజాడ రచించిన ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. నాటకములో ఆయన నవ్వించెను. పీఠికలో లెక్క చూపెను. నాడు విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లపాటు జరిగిన శుల్కవివాహములకు ఆనందగజపతి మహారాజు పట్టిక తయారు చేయించెను. తేలిన సంఖ్య 1,034. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది శిశువులు ముగ్గురు! ఆ శిశువుల వెల ఒక్కొక్కరికి 350 మొదలు 400 రూపాయలు. ఈ లెక్క చదివినవానికి కరుణ పుట్టుటకు వేరు విశేషణములు అక్కరలేదు.

గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పిల్లవాడు ఇంట మాటాడు తెలుగు వేరు. బడిలో వ్రాయవలసిన తెలుగు వేరు. తెలిసిన విషయమును సైతము తన మాటలలో వ్రాయు స్వేచ్ఛ వానికి లేదు. ఈ కష్టమును తొలగింపనెంచి గిడుగు 1913లో ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనమును ప్రకటించెను. విద్యాధికారులు చదువవలసినది గావున దానిని ఇంగ్లీషులో వ్రాసెను. వాడుకభాష గ్రంథరచనకు తగదని పండితులు వాదించిరి. గిడుగు వారికి శాసనములను, ప్రాచీన వచనగ్రంథములను చూపెను. గ్రాంథికమే వ్రాయవలెనన్నవారి గ్రంథములలోనే వ్యాకరణదోషములను ఎత్తిచూపెను. ప్రతిపక్షి గౌరవించు సాక్ష్యమునే ప్రతిపక్షి ముందుంచుట ఆయన పద్ధతి.

సాక్ష్యమున్నంత మాత్రమున వెంటనే గెలుపు కలుగదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమువారి తెలుగు రచనా ఉపసంఘములో అధిక సంఖ్యాకులు గ్రాంథికమువైపే నిలిచిరి. సభ్యుడైన గురజాడ మౌనము వహింపక తన కారణములను అసమ్మతిపత్రముగా వ్రాసియిచ్చెను. మరుసటి యేడు ఆయన మరణించెను. మిగిలిన గిడుగు 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను స్థాపించి, తన వాదమును తెలుగు పాఠకుల యెదుట పెట్టెను. పాఠకుడు మారెను గనుక రచనారూపమును మారెను. సాక్ష్యము చూపు పద్ధతి మాత్రము మారలేదు. నేడు వార్తాపత్రికలు వాడుకభాషలోనే వెలువడుచున్నవి.

నమ్మించుట వేరు, ఒప్పించుట వేరు. నమ్మించువాడు భయమునో, ఆశనో, పొగడ్తనో వాడి పాఠకుని ఆలోచింపనీయడు. ఒప్పించువాడు సాక్ష్యమును చేతికిచ్చి, పరీక్షించుకొమ్మనును. ఊరి చెరువునకు మరమ్మతు కావలెనని పంచాయతీకి అర్జీ వ్రాయు విద్యార్థియు ఈ మార్గమునే అనుసరింపవచ్చును. గట్టు ఎచ్చట తెగినది? ఎన్ని యెకరములకు నీరందుటలేదు? ఖర్చు అధికమన్నవారికి సమాధానమేమి? ఈ మూడును తెలిసికొన్న పిమ్మటనే కలము పట్టుట మేలు.