మోటార్‌హోమ్ చక్రాల సమతుల్యత: బ్యాలెన్సర్ ఎంపిక, వినియోగదారు హక్కులు

సందర్భం

మంచం, వంటగది, స్నానాల గది, నీళ్ల ట్యాంకులు అన్నీ అమర్చి ఇల్లులా వాడుకునే బండిని అమెరికాలో మోటార్‌హోమ్ అంటారు. మన దేశంలో దీనికి మోటార్ కారవాన్ అని పేరు. బస్సంత పెద్దవి క్లాస్-ఎ, వ్యాన్‌లోనే ఇమిడిపోయేవి క్లాస్-బి, ట్రక్కు క్యాబిన్ వెనక గది కట్టినవి క్లాస్-సి. పెద్ద క్లాస్-ఎ బళ్లకు 22.5 అంగుళాల రిమ్ములు ఉంటాయి. మన రోడ్ల మీది వోల్వో బస్సుల రిమ్ముల కొలత కూడా ఇదే.

ఇంత బరువైన బండిలో చక్రం సమతుల్యత తప్పితే స్టీరింగ్ వణుకుతుంది, టైరు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుతుంది, డ్రైవరు త్వరగా అలిసిపోతాడు. ఈ వణుకు తగ్గించడానికి వీల్ బ్యాలెన్సర్లు వాడతారు. అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పరీక్షకు, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విద్యార్థులకు ఇందులోని యంత్రశాస్త్రం పనికొస్తుంది. గ్రూప్స్ అభ్యర్థులకు పర్యావరణ ఒప్పందం, వినియోగదారు చట్టం అనే రెండు అంశాలు ఇక్కడే దొరుకుతాయి. ఈ పాఠమంతటికీ మూలసూత్రం ఒకటే: కొలిచి కొనాలి, రాసి అడగాలి.

మూల భావనలు

*స్టాటిక్ అసమతుల్యత:* చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువగా ఉండటం. ఇరుసు మీద స్వేచ్ఛగా వదిలితే బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. పరుగులో చక్రం పైకీ కిందికీ ఎగురుతుంది.

*డైనమిక్ అసమతుల్యత:* చక్రం లోపలి అంచున ఒకచోట, బయటి అంచున దానికి ఎదురుగా మరోచోట బరువు ఎక్కువగా ఉంటే నిలకడలో సమంగానే కనిపిస్తుంది. తిరిగేటప్పుడు మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. ముందు చక్రాల్లో ఇది స్టీరింగ్ వణుకుగా తెలుస్తుంది. దీన్ని సరిచేయాలంటే రెండు తలాల్లోనూ బరువులు పెట్టాలి.

*లెక్క:* అసమతుల్యత వల్ల పుట్టే బలం = అదనపు ద్రవ్యరాశి × వ్యాసార్ధం × కోణీయ వేగం వర్గం.

ఒక మీటరు వ్యాసమున్న టైరు గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్తోందనుకుందాం. వేగం సెకనుకు 27.8 మీటర్లు, కోణీయ వేగం సెకనుకు సుమారు 55.6 రేడియన్లు. అంటే చక్రం నిమిషానికి దాదాపు 530 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున, అంటే ఇరుసు నుంచి 0.286 మీటర్ల దూరంలో 100 గ్రాములు ఎక్కువగా ఉంటే పుట్టే బలం సుమారు 88 న్యూటన్లు. దాదాపు తొమ్మిది కిలోల బరువు సెకనుకు దాదాపు తొమ్మిదిసార్లు దిశ మార్చుకుంటూ చక్రాన్ని గుంజుతున్నట్టు. అదే బండి 50 కి.మీ. వేగంతో వెళ్తే బలం 22 న్యూటన్లే. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. ఊళ్లో తెలియని వణుకు హైవే ఎక్కగానే బయటపడటానికి కారణం ఇదే.

కొనే ముందు: వణుకు ఎక్కడిది?

బ్యాలెన్సర్ అన్ని రోగాలకూ మందు కాదు. ముందు వణుకు ఎక్కడ పుడుతోందో తేల్చుకోవాలి.

- స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను, సీటు, నేల వణికితే వెనక చక్రాలను మొదట అనుమానించాలి.
- బ్రేకు తొక్కినప్పుడే వణికితే డ్రమ్ములు, డిస్కులు చూడాలి.
- బండి వేగంతో కాక ఇంజన్ వేగంతో మారే వణుకు చక్రాలది కాదు.
- బండి ఒక పక్కకు లాగితే టైర్లలో గాలి, అలైన్‌మెంట్ చూపించాలి.
- నెలల తరబడి నిలిపి ఉంచిన బండికి టైరు నేల తాకిన చోట చదునైపోతుంది. కొంత దూరం నడిచి టైరు వేడెక్కాక ఆ వణుకు తగ్గిపోవచ్చు.
- రిమ్ వంగినా, టైరు గుండ్రదనం తప్పినా, షాక్ అబ్జార్బర్ అరిగినా ఏ బ్యాలెన్సరూ దాన్ని నయం చేయలేదు.

టైరు వయసు కూడా చూడాలి. అమెరికాలో టైరు పక్కభాగం మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం. మోటార్‌హోమ్ తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడులు లోతుగానే ఉండి రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. అలాంటి టైరుకు బ్యాలెన్సర్ కొనడం డబ్బు దండగ, ప్రాణానికి ప్రమాదం.

బ్యాలెన్సర్ల రకాలు

*1. రిమ్ బరువులు:* యంత్రం మీద చక్రాన్ని తిప్పి, తేలికైన చోట క్లిప్పు బరువు తగిలించడం లేదా అతికించడం. రెండు తలాల్లోనూ సరిచేయగలదు, లెక్క కాగితం మీద ఉంటుంది. టైరు అరిగేకొద్దీ సమతుల్యత మారుతుంది కాబట్టి మళ్లీ చేయించాలి. ఒకప్పుడు వీటిని సీసంతో చేసేవారు. సీసం విషపదార్థం కావడంతో ఐరోపా సమాఖ్య 2005 నుంచి కొత్త వాహనాలకు వాటిని నిషేధించింది. కాలిఫోర్నియాలో 2010 జనవరి 1 నుంచి నిషేధం ఉంది. ఇప్పుడు ఉక్కు, జింకు బరువులు వాడుతున్నారు.

*2. టైరు లోపలి పూసలు:* గాజు లేదా సిరామిక్ పూసలను టైరులో పోస్తారు. వేగం పుంజుకున్నాక అవి సర్దుకుని అసమతుల్యతకు ఎదురుగా చేరతాయి. టైరు అరిగినా వాటంతటవే సర్దుకోవడం వీటి సుగుణం. టైరు లోపల తేమ ఉంటే పూసలు ముద్దకడతాయి. పంక్చర్ పూడ్చే ద్రవంతో వీటికి పడదు. వాల్వులో ఇరుక్కోకుండా వడపోత ఉన్న వాల్వు కోర్ వేయాలి. టైరు లోపల గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉంటే ఆ తయారీదారు పూసలకు అనుమతిస్తాడో లేదో ముందే కనుక్కోవాలి.

*3. రింగు బ్యాలెన్సర్లు:* హబ్బుకూ చక్రానికీ మధ్య బిగించే వలయం. లోపలి గొట్టంలో ద్రవంతో పాటు చిన్న గుండ్లు ఉంటాయి. సెంట్రామాటిక్ పేరుతో అమ్మేవి ఈ కోవవే. టైరు మార్చినా రింగు బండితోనే ఉంటుంది. ఇది ఒకే తలంలో ఉంటుంది కాబట్టి ప్రధానంగా స్టాటిక్ అసమతుల్యతనే సరిదిద్దగలదు.

*పనిచేసే సూత్రం:* తిరిగే వ్యవస్థకు ఒక సంధి వేగం ఉంటుంది. దాన్ని దాటాక, స్వేచ్ఛగా కదిలే ద్రవ్యరాశి బరువైన వైపుకు ఎదురుగా చేరుతుంది. ఆ వేగానికి లోపు దాని ప్రభావం తిరగబడుతుంది. అందుకే పూసలు, రింగులు నెమ్మది ప్రయాణంలో ఉపయోగపడవు.

*4. పాదరసం బ్యాలెన్సర్లు:* గొట్టంలో గుండ్లకు బదులు పాదరసం ఉండేవి. పాదరసంపై మినమాటా ఒప్పందం 2013లో ఆమోదం పొంది, 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. భారత్ 2018లో ధ్రువీకరించింది. 2022లో ఇండోనేషియాలోని బాలిలో జరిగిన సభ్యదేశాల నాలుగో సమావేశం టైరు బ్యాలెన్సర్లను, చక్రం బరువులను 2025 నాటికి ఆపేయాల్సిన పాదరస ఉత్పత్తుల జాబితాలో చేర్చింది. పాతవి చేతికొచ్చినా కొనకూడదు. పగిలితే విషం మన చేతుల్లోనే పడుతుంది.

ఎంపిక ప్రమాణాలు

1. *చక్రం వివరాలు:* రిమ్ కొలత, బోల్టుల సంఖ్య, బోల్టు వలయం వ్యాసం, హబ్ రకం రాసుకోవాలి. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ మీద 19.5, 22.5 అంగుళాల రిమ్ములు రెండూ వస్తాయి. బండి పేరు చెప్పి రింగు తెప్పించుకుంటే అది సరిపోకపోవచ్చు.
2. *మందం:* రింగు మందం వల్ల నట్టుకు అందే బోల్టు మరలు తగ్గుతాయి. తగ్గాక కూడా నట్టు పూర్తిగా పట్టాలి. వెనక జంట చక్రాల దగ్గర ఇది మరీ ముఖ్యం. లోపలి టైరుకు గాలి కొట్టే గొట్టం రింగుకు తగలకూడదు.
3. *బిగింపు:* ఛాసిస్ తయారీదారు చెప్పిన టార్క్‌తోనే నట్టులు బిగించి, 80 నుంచి 160 కి.మీ. ప్రయాణం తర్వాత మళ్లీ సరిచూడాలి. ఈ పని వాయిదా వేయకూడదు. నట్టు వదులైతే చక్రమే ఊడిపోవచ్చు.
4. *బరువు, గాలి:* నీళ్లు, సామాన్లు నింపాక ఒక్కో చక్రం మీద పడే బరువు తూచి, టైరు కంపెనీ పట్టిక ప్రకారం గాలి పెట్టాలి.

కస్టమర్ సపోర్ట్: ఎవరిని అడగాలి?

మోటార్‌హోమ్‌ను ఒక్క కంపెనీ చేయదు. ఛాసిస్ ఒకరిది, పైన కట్టిన ఇల్లు మరొకరిది, టైర్లు ఇంకొకరివి. బ్యాలెన్సర్ తయారీదారు వేరు, బిగించిన షాపు వేరు. ఎవరి వారంటీ వారిదే. వణుకు ఆగలేదని ఫోన్ చేస్తే ఒక్కొక్కరూ పక్కవాడి మీదికి నెట్టేస్తారు. దూరదేశంలో, కుటుంబమంతా బండిలో ఉండగా ఈ తిప్పట ఎంత బాధాకరమో అనుభవించినవారికే తెలుసు. దీన్ని తెంపగలిగేది కాగితం మీది కొలతే.

ఫిర్యాదులో ఉండాల్సినవి: 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్య, కొన్న తేదీ, బిల్లు, బిగించిన రోజు ఓడోమీటరు అంకె, వణుకు మొదలయ్యే వేగం, ఒక్కో చక్రం బరువు, గాలి పీడనం, నట్టుల టార్క్, ఫొటోలు. "బాగా వణుకుతోంది" అంటే వాదన మొదలవుతుంది. "బిగించక ముందు 95 దగ్గర మొదలయ్యేది, ఇప్పుడు 88 దగ్గరే మొదలవుతోంది" అంటే సాంకేతిక నిపుణుడు ఆలోచించక తప్పదు. ఏం కావాలో ఒకే వాక్యంలో చెప్పాలి: మార్చివ్వాలా, డబ్బు వెనక్కివ్వాలా, బిగింపు సరిచూడాలా? ఫోన్‌లో మాట్లాడినదాన్ని అదే రోజు మెయిల్‌లో పంపాలి. మర్యాద తప్పకూడదు. అవతల ఫోన్ ఎత్తిన ఉద్యోగి రింగు చేసినవాడు కాదు.

చట్టం ఏం చెబుతోంది?

*అమెరికాలో*

- మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, 1975: బయటి కంపెనీ భాగం వాడారన్న ఒక్క కారణంతో వాహన వారంటీ రద్దు చేయకూడదు. ఆ భాగం వల్లే నష్టం జరిగిందని కంపెనీ చూపాలి.
- ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం, 1974: క్రెడిట్ కార్డుతో కొన్న సరుకు రాకపోయినా, ఒప్పుకున్నట్టు లేకపోయినా, ఆ ఖర్చు కనిపించిన తొలి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు.
- భద్రతా లోపాల ఫిర్యాదులను జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ స్వీకరిస్తుంది. ఇది 1970లో ఏర్పడింది.

*భారతదేశంలో*

- వినియోగదారుల రక్షణ చట్టం, 2019: 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదుకు గడువు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.
- చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు జిల్లా కమిషన్, ఆపైన రూ.2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అంతకు మించితే జాతీయ కమిషన్.
- ఈ-కామర్స్ నియమాలు, 2020: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలో పరిష్కరించాలి.
- జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915.
- మోటారు వాహనాల సవరణ చట్టం, 2019: సెక్షన్ 110-ఎ లోపమున్న వాహనాల రీకాల్ గురించి చెబుతుంది.

మాదిరి ప్రశ్నలు

1. వేగం మూడు రెట్లయితే అసమతుల్యత బలం ఎన్ని రెట్లు? *జ: తొమ్మిది.*
2. నిలకడలో సమంగా ఉండి, తిరిగేటప్పుడు ఊగే చక్రానిది ఏ అసమతుల్యత? *జ: డైనమిక్.*
3. టైరు మీద 0821 అంటే? *జ: 2021, ఎనిమిదో వారం.*
4. టైరు బ్యాలెన్సర్లలో పాదరసాన్ని ఆపేయమన్న ఒప్పందం? *జ: మినమాటా.*
5. బిగించిన షాపు, బ్యాలెన్సర్ తయారీదారు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే వినియోగదారు ఏం చేయాలి? (మెయిన్స్, 150 పదాలు)

*జవాబుకు దారి:* మొదట సాంకేతిక నిర్ధారణ, అంటే బ్యాలెన్సర్లు తీసి యంత్రం మీద సరిచూసిన చక్రంతో అదే వేగంలో మళ్లీ పరీక్ష. వణుకు పోతే ప్రశ్న బ్యాలెన్సర్‌ది, దాని బిగింపుది. ఉంటే టైరు, రిమ్, సస్పెన్షన్‌ది. తర్వాత ఆ ఫలితాన్ని ఇద్దరికీ ఒకే మెయిల్‌లో, గడువు తేదీతో పంపడం. చివరగా చట్టబద్ధ వేదిక. ఈ మూడింటినీ ఇదే వరుసలో రాయండి. కొలత లేని ఫిర్యాదు కమిషన్ దాకా వెళ్లినా నిలబడటం కష్టం.