టిఫిన్ కొట్టు పెట్టే మేనల్లుడికి

పొందూరు



కొట్టుకి కొనబోయే సామాను పట్టీ అందింది. గ్రైండరు, పొయ్యిలు, అట్ల పెనం, బల్లలు బాగానే ఎంచావు. వాటి జోలికి ఈ ఉత్తరం వెళ్ళదు. పట్టీ అడుగున "చిల్లర సామాను" అని రాసినవి ఆరున్నాయి: ఇడ్లీ రేకుల మీద పరిచే ప్లాస్టిక్ షీటు, టీ వడకట్టే నైలాన్ జల్లెడ, పేపరు కప్పులు, పార్సిలు కవర్లు, నీళ్ళ సీసాలు, పని కుర్రాళ్ళకి పాలిస్టరు టీషర్టులు. డబ్బుల లెక్కలో అవి చిల్లరే. వచ్చి తినేవాడి ఒంటి లెక్కలో మాత్రం గ్రైండరు కన్నా అవే పెద్దవి.

అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలని మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్, ఆయన సహచరులు 2004లో 'సైన్స్' పత్రికలో సముద్రతీరపు ఇసుకలో దొరికిన ప్లాస్టిక్ రజను గురించి రాశాక ఆ మాట లోకమంతా పాకింది. అప్పట్లో అది చేపల గొడవ అనుకున్నారు. 2021లో ఇటలీ వైద్యులు ఆరుగురు బాలింతల మాయలు పరీక్షిస్తే నాలుగింటిలో ప్లాస్టిక్ నలుసులు దొరికాయి. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది ఆరోగ్యవంతుల రక్తం పరీక్షిస్తే 17 మందిలో కనబడ్డాయి. గొడవ చేపలని దాటి మన దాకా వచ్చింది.

ఇది విని ఇంట్లో ప్లాస్టిక్ అన్నదల్లా బయట పారేయక్కర్లేదు. ప్లాస్టిక్ ఊరికే కూర్చుంటే పెద్దగా రాలదు. వేడి తగిలినప్పుడు, రాపిడి జరిగినప్పుడు, ఎండకి పెళుసెక్కినప్పుడు రాలుతుంది. అందుకని కొట్టులో ప్లాస్టిక్ కుర్చీలున్నా, పప్పు పోసుకునే డబ్బా ఉన్నా, చేతులు కడుక్కునే బకెట్టు ఉన్నా కంగారు లేదు. పొగలు కక్కేది, నూనె ఓడేది, కత్తి తగిలేది ప్లాస్టిక్‌కి ఆనకుండా చూసుకోవాలి. టిఫిన్ కొట్టులో పనంతా ఈ మూడింటితోనే కాబట్టి జాగ్రత్త కూడా మామూలు ఇంటికన్నా ఎక్కువే కావాలి.

ముందు ఇడ్లీ రేకులు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆరోగ్యశాఖ రాష్ట్రంలో 251 చోట్ల ఇడ్లీ తయారీని తనిఖీ చేస్తే, యాభైకి పైగా చోట్ల గుడ్డకి బదులు ప్లాస్టిక్ షీటు పరిచి ఉడికిస్తున్నారని తేలింది. ఆరోగ్యశాఖ మంత్రి దినేశ్ గుండూరావు దాన్ని నిషేధిస్తున్నామని ప్రకటించారు. షీటు ఎందుకు వాడుతున్నారంటే పిండి అంటుకోదు, ఉతికే పని లేదు, చింపి పారేస్తే సరి. మన వైపు ఆవిరికుడుముకి గిన్నె మూతికి వాసెన కట్టే ఆడవాళ్ళు ఏనాడూ పల్చటి నూలు గుడ్డ తప్ప ఇంకోటి వాడలేదు. గుడ్డని తడిపి పిండి పోస్తే ఇడ్లీ అంటుకోదు. రోజూ వేడినీళ్ళలో ఉడకబెట్టి ఎండలో ఆరేసేందుకు ఒక మనిషి అరపూట పని, అంతే. రెండు జతలు పెట్టుకుంటే ఒకటి ఆరేలోగా రెండోది పొయ్యి మీద ఉంటుంది.

తరవాత టీ. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో నైలాన్, పాలిస్టరు జాతి ప్లాస్టిక్‌తో చేసిన టీ సంచులని 95 డిగ్రీల నీళ్ళలో ముంచి చూశారు. ఒక్క సంచి నుంచి 1,160 కోట్ల మైక్రో నలుసులు, 310 కోట్ల అంతకన్నా చిన్న నలుసులు వచ్చాయని లెక్క కట్టారు. ఆ లెక్క మరీ ఎక్కువని, నీళ్ళలో కరిగి మళ్ళీ గడ్డకట్టిన పదార్థాన్ని కూడా ప్లాస్టిక్ కిందే లెక్కేశారని తరవాత మరికొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. అంకె ఎంతయినా కానీ, మరిగే టీని నైలాన్ వల మీద పొద్దుటి నుంచి రాత్రి దాకా పోస్తూ, గరిటెతో నొక్కుతూ ఉంటే ఆ వల ఆర్నెల్లకే చిరిగిపోవడం ఏ కొట్టులోనైనా చూడొచ్చు. అరిగిన నైలాన్ కొంతైనా గ్లాసుల్లోకి దిగకుండా ఉండదు. స్టీలు జల్లెడ గానీ, పాతకాలపు టీ గుడ్డ గానీ పెట్టు.

పేపరు కప్పు పేరుకే పేపరు. టీ కారిపోకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుధా గోయల్ బృందం 2020లో దీన్నే పరీక్షించింది. 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్ళు నూరు మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచితే దాదాపు 25,000 నలుసులు నీళ్ళలోకి వచ్చాయి. రోజుకి మూడు టీలు తాగేవాడికి 75,000 అన్నమాట. 2022 జూలై 1 నుంచి కేంద్రం నిషేధించిన వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి గానీ ఈ కప్పు లేదు. అందుకే అమ్మేవాడు "ఇది నిషేధం లేని సరుకండీ" అంటాడు. నిషేధం లేదంటే మంచిదని అర్థం కాదు.

గాజు గ్లాసో స్టీలు గ్లాసో వాడితే కడగాలి, దానికి మనిషి కావాలి, నీళ్ళు కావాలి. నువ్వు వెనకాడేది అక్కడే అని తెలుసు. గ్లాసు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది, కప్పు కట్టలు రోజూ కొనాలి. ఆ కొనుబడిని నెల జీతం కింద మార్చి చూడు. సంత రోజు లాంటి రద్దీలో చాలకపోతే మట్టి కప్పులు తెప్పించుకో.

ఇక పార్సిలు. మన ఊళ్ళలో మరుగుతున్న సాంబారుని పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు చుట్టి చేతికివ్వడం ఎంత మామూలో, టీని కూడా అలాగే కట్టివ్వడం అంతే మామూలు అయిపోయింది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి చేతిసంచులు చట్ట ప్రకారం చెల్లవు. మందం కవరైనా వేడి సాంబారుకి తగింది కాదు. క్యారేజీ గిన్నె తెచ్చుకున్నవాళ్ళకి ఒక గరిటె పచ్చడి ఎక్కువ వెయ్యి. తెచ్చుకోనివాళ్ళకి మూత డబ్బా ఇచ్చి డబ్బులు జమ పెట్టుకుని, డబ్బా తిరిగిచ్చినప్పుడు ఇచ్చెయ్యి. ఇడ్లీ, అట్టు అరటాకులో చుట్టు. అరటాకు ఆకారంలో కత్తిరించి అమ్మే పచ్చ కాగితం కాదు, దాని మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. మిషన్ మీద నొక్కిన అడ్డాకు విస్తర్లలో కూడా కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు. గోటితో గీకితే ఊడొస్తుంది. కుట్టిన విస్తరే అడుగు. పుణుకులు న్యూస్‌పేపర్లో పొట్లం కట్టకు. ప్లాస్టిక్ పోయిందనుకుంటే అచ్చు సిరా పట్టుకుంటుంది, ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లో దాన్ని కూడా కాదంది.

ఉల్లిపాయలు ప్లాస్టిక్ పలక మీద తరిగితే కత్తి గాటు పడ్డ ప్రతిచోటా ఇంత పొడి లేస్తుంది. కత్తిపీటకి పలకే అక్కర్లేదు. గిన్నెలు తోమడానికి పచ్చ స్క్రబ్బరు బదులు ఉద్దానం నుంచి వచ్చే కొబ్బరి పీచు ఉండనే ఉంది.

నీళ్ళ సంగతి కాస్త నిదానంగా ఆలోచించాలి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2024 జనవరిలో మూడు రకాల సీసా నీళ్ళు పరీక్షించి, లీటరుకి సగటున 2,40,000 నలుసులున్నాయని, వాటిలో పదింట తొమ్మిది వంతులు నానో నలుసులని చెప్పారు. అందుకని సీసాలు అమ్మకానికి పెట్టినా కొట్టు ముందు ఎండలో పేర్చకు. తాగడానికి మాత్రం ఫిల్టరు నీళ్ళు స్టీలు డ్రమ్ములోనో కుండలోనో పొయ్యి. బుడితి ఇత్తడి బిందె కొనాలని సరదా పడితే అది నీళ్ళకే. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పడితే చిలుమెక్కుతుంది. కాచిన నీళ్ళకి ఇంకో గుణం కూడా బయటపడింది. చైనాలో గ్వాంగ్‌ఝౌ పరిశోధకులు 2024లో చూసిందేమిటంటే, గిన్నెకి తెల్లటి సున్నం పొర పట్టే రకం నీళ్ళని అయిదు నిమిషాలు మరగకాచి వడకడితే నలుసుల్లో 90 శాతం దాకా ఆ సున్నంతో పాటే పోతాయి. సున్నం తక్కువున్న నీళ్ళలో పావు వంతే పోతాయి.

కొట్టులో కూర్చుంటే రకరకాల మాటలు చెవిన పడతాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ప్లాస్టిక్కే కారణమని ఎవరైనా అంటే తలూపకు. ఏళ్ళ తరబడి ఎన్నో బృందాలు వెతికినా ఆ జబ్బుకి ఇదీ కారణమని తేలలేదు. మనిషి వారానికి క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ తింటున్నాడని ఫోన్లో తిరిగే మాట కూడా 2019 నాటి ఒక అంచనా. తరవాత లెక్కలు సరిచూసినవాళ్ళు అది చాలా ఎక్కువని తేల్చారు. ఉప్పు చూసి కూడా భయపడొద్దు. టాక్సిక్స్ లింక్ సంస్థ 2024లో పది రకాల ఉప్పు పరీక్షిస్తే అన్నిట్లోనూ నలుసులు దొరికాయి, అన్నిటికన్నా ఎక్కువున్న దాంట్లో కిలోకి 89. మనిషి రోజుకి అయిదు గ్రాములు తింటే అర నలుసు కూడా కాదు. ఖరగ్‌పూర్ వాళ్ళు కొలిచిన నలుసులు ఇంకా చిన్నవి కాబట్టి రెండు అంకెలూ సూటిగా పక్కపక్కన పెట్టలేం, అయినా ఉప్పు మార్చడం కన్నా కప్పు మార్చడం ముందు పని.

మరి ఇవి ఒంట్లోకి వెళ్తే ఏమవుతుంది? ఇటలీ వైద్యులు మెడలోని రక్తనాళాల నుంచి తీసిన కొవ్వు పొరలని పరీక్షించి, 257 మంది రోగులని మూడేళ్ళకి కాస్త తక్కువగా గమనించారు. 150 మందిలో పాలిథిన్ దొరికింది. ప్లాస్టిక్ దొరికినవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు మిగతావాళ్ళకన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువని 2024 మార్చిలో ప్రకటించారు. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని దీనితో రుజువు కాలేదు; ఆ మాట వాళ్ళే రాశారు. గట్టి తీర్పుకి ఆధారాలు చాలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంటూనే, తగ్గించుకునే ప్రయత్నం చెయ్యమంది. తీర్పు వచ్చేదాకా ఆగడానికి ఇదేమీ ఖరీదైన మందు కాదు. గుడ్డ, గ్లాసు, జల్లెడ.

చివరిది టీషర్టులు. థాంప్సన్‌తో కలిసి ఇమోజెన్ నాపర్ 2016లో ప్రచురించిన పరీక్షల ప్రకారం ఆరు కిలోల పాలిస్టరు బట్టలు ఒకసారి ఉతికితే దాదాపు 5 లక్షల పోగులు, యాక్రిలిక్ అయితే 7 లక్షలకి పైగా ఊడతాయి. అవి కాలువలోంచి గెడ్డకి, గెడ్డలోంచి సముద్రానికి పోతాయి. కొన్ని గాలిలోనే తేలి దోసెల పెనం మీద వాలతాయి. పైగా పొయ్యి దగ్గర పాలిస్టరుకి నిప్పంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

మావయ్యని పొందూరులో పెట్టుకుని పాలిస్టరు కొంటానంటే నవ్వుతారు. కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి, గింజ తీసి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద 100 నంబరు దాకా నూలు తీసే ఊరిది. అక్కినేని నాగేశ్వరరావు గారు ఏరికోరి కట్టుకున్న పంచెలు ఇక్కడివే. అయితే నూలు పోగు రాలదని కాదు. రాలుతుంది, కానీ మట్టిలో కుళ్ళిపోతుంది. పత్తి ధూళి ఊపిరితిత్తులకి మంచిదీ కాదు. నూలు మిల్లుల్లో ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుందని వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలో నైలాన్ పోగుల పొడి తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులకి మరో రకం ఊపిరితిత్తుల జబ్బు వస్తోందని 1990లలో బయటపడింది. ధూళి ఏదైనా ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. కొట్టు కూడా అలాగే తుడిపించు.

సన్న ఖద్దరు ఖరీదైనది, వంటవాళ్ళకి అది అక్కర్లేదు. ముతక చేనేత చొక్కాలు, తువ్వాళ్ళు చాలు. "పొందూరు ఖద్దరు" అని మిషన్ మగ్గం కలనేత బట్టలు అంటగట్టేవాళ్ళున్నారు కాబట్టి అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూడు. నూలైతే కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. ఆ ముక్క చూపించి మరీ బేరం ఆపెయ్యి.

అన్నీ ఒకేసారి మార్చే డబ్బు చేతిలో లేకపోతే వరస ఇది: మొదట ఇడ్లీ గుడ్డ, స్టీలు జల్లెడ; వాటికి ఖర్చు లేదన్నంత తక్కువ. రెండోది గ్లాసులు. మూడోది సాంబారు డబ్బాలు. నీళ్ళ డ్రమ్ము నాలుగోది. చొక్కాలు దసరాకి కుట్టించవచ్చు. ఖాళీ కవర్లతో పొయ్యి ముట్టించే అలవాటు కుర్రాళ్ళకి ఉంటే మాత్రం మొదటి రోజే మాన్పించు, ఆ పొగ నలుసుల కన్నా తొందరగా ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

కప్పుల ఏజెంటుకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదనుకుంటాను. ఇవ్వకు. గ్లాసులు కడిగే మనిషి దొరక్కపోతే కబురు చెయ్యి, ఇక్కడ ఇద్దరు పని అడుగుతున్నారు. అమ్మకి నమస్కారాలు చెప్పు.

శుభాశీస్సులతో,
మావయ్య