నాడుల తొడుగు: నిర్మాణము, రక్షణ

మన శరీరమందలి నాడులు మెదడు ఆజ్ఞలను అవయవములకును, స్పర్శ, నొప్పి, వేడిమి మున్నగు వార్తలను మెదడునకును కొనిపోవును. వీనిలో పెక్కు తంతువులకు మైలిన్ అను పలుపొరల తొడుగు కలదు. తొడుగు గల లావైన తంతువులలో వార్త సెకనునకు సుమారు 100 మీటర్ల వరకు పోగలదు; తొడుగు లేని సన్నని తంతువులలో ఆ వేగము సుమారు 1 మీటరు మాత్రమే.

తొడుగును చుట్టు కణములు

మెదడు, వెన్నుపాములయందు ఆలిగోడెండ్రోసైట్ అను కణములును, కాలుసేతుల నాడులయందు శ్వాన్ కణములును ఈ తొడుగును నిర్మించును. మొదటి రకపు కణము తన శాఖలను చాచి పెక్కు తంతువులను చుట్టును. శ్వాన్ కణమో, ఒక్క తంతువునందలి ఒక్క భాగమునే చాప చుట్టినట్లు చుట్టుకొనును. మైలిన్ యొక్క ఎండు బరువులో నూటికి 70 నుండి 80 పాళ్లు కొవ్వులు, మిగిలినది మాంసకృత్తులు. పొరలను విడిపోకుండ పట్టియుంచునవి ఈ మాంసకృత్తులే.

మాంసకృత్తులు ఎచ్చట తయారగును?

ఇల్లు కట్టువారు ఇటుకలను బట్టీలో కాల్చి బండ్లపై తెత్తురు. సిమెంటును మాత్రము గోడ లేచుచోటనే కలుపుదురు; ముందే కలిపినచో దారిలోనే గట్టిపడును. మైలిన్ నిర్మాణమునందును ఇట్టి రెండు పద్ధతులు గలవు.

శ్వాన్ కణములందలి పి-జీరో అను మాంసకృత్తు ఇటుక వంటిది. అది కేంద్రకమునకు సమీపమున తయారై, సూక్ష్మమైన సంచులలో పొరలయొద్దకు చేరును. కాలుసేతుల నాడుల మైలిన్‌లో మాంసకృత్తులందు సగమునకు మించినది ఇదియే.

మైలిన్ బేసిక్ ప్రోటీన్ అనునది సిమెంటు వంటిది. తాను తాకిన పొరలను అంటించుట దీని గుణము. కావున ఆలిగోడెండ్రోసైట్ దీనిని కేంద్రకమునొద్ద తయారు చేయదు. తయారీ ఆజ్ఞను మోయు ఆర్.ఎన్.ఏ. ను మాత్రమే శాఖల చివరకు పంపును. దారిలో ఆ ఆజ్ఞ మౌనముగ నుండును. తంతువునుండి సంకేతము అందిన పిదప మాంసకృత్తు అచ్చటనే తయారగును. ఇది పొరలయొద్దనే తయారగుచున్నదని 1982లో కోల్మన్ మున్నగు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి చూపిరి. ఈ మాంసకృత్తు లేక పుట్టిన చిట్టెలుకలు వణకుచుండును. వాని మెదడులో మైలిన్ పొరలు గట్టిగా అంటుకొనవు.

ఈ కణములు చెడినచో

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనిన కుష్ఠురోగ క్రిమి శ్వాన్ కణములలో చేరి వసించును. ఆ క్రిమితో దేహము సల్పు పోరాటమున నాడి వాచును. తొడుగు, పిదప తంతువు నశించును. అందుచే చర్మముపై పాలిపోయిన లేక ఎఱ్ఱని, స్పర్శ తెలియని మచ్చ ఏర్పడును.

ఛత్తీస్‌గఢ్ ఈ వ్యాధి అధికముగ గల రాష్ట్రములలో నొకటి. సుక్మా జిల్లా కోంటా తాలూకాలోని భేజ్జి వంటి అడవిపల్లెల వారికి కాలుసేతులే ఆధారము. తునికాకు కోయునపుడు ముల్లు గ్రుచ్చుకొనినను, పొయ్యికడ చేయి కాలినను తెలియనిచో పుండు పడి అంగవైకల్యము కలుగును.

మనము చేయవలసినది

ఈ వ్యాధి శాపము కాదు, వంశపారంపర్యము కాదు. స్పర్శ లేని మచ్చ కనబడినచో వెంటనే మితానిన్ కార్యకర్తకు గాని, ఆరోగ్యకేంద్రమునకు గాని తెలుపవలెను. మందులు ఉచితము, రోగభేదమును బట్టి 6 లేక 12 నెలలు విడువక వాడవలెను. చికిత్స మొదలైన కొలదికాలముననే రోగము ఇతరులకు అంటుట ఆగును. రోగిని ఇంటినుండి గాని, పనినుండి గాని వెలివేయరాదు.

నాడియొద్ద నొప్పి, చేతివ్రేళ్లు లేక పాదము క్రొత్తగా బలము తప్పుట కనబడినచో, మందులు వాడుచున్నవారైనను తిరిగి వైద్యుని చూడవలెను. ఇట్టి నష్టము ఆరు నెలలలోపుదైనచో తగిన చికిత్సచే నాడి కోలుకొను అవకాశము హెచ్చు. మందు క్రిమిని ఎప్పుడైనను చంపగలదు. చిరకాలము చెడిన నాడిని మాత్రము తిరిగి తేజాలదు. కావున మచ్చ చిన్నదిగా నున్నప్పుడే చూపించుకొనవలెను.