అర్ధరాత్రి బొటనవేలు

మంగళగిరిలో నలభై ఏళ్లు గుంటమగ్గం నేశాను. అందులో ఇరవై ఏళ్లు గౌట్‌తోనే నేశాను. మా నాన్నకూ ఉండేది. ఇప్పుడు మా పెద్దవాడికి మొదలైంది. వాడి కోసం రాస్తున్నాను.

1. ఈ నొప్పి ఎక్కువగా రాత్రే లేస్తుంది. నాకు మొదటిసారి తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. కుడి బొటనవేలి మొదలు పండుమిరపకాయలా ఎర్రబడి వాచింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్టుండేది. ఒక డాక్టరు గారు బెణుకన్నారు. పగలంతా చెక్కలు తొక్కే కాలు కదా, నేనూ నమ్మాను. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది లోపు ఈ నొప్పి లేచే అవకాశం పగటికి రెండు రెట్ల పైనేనని 2015లో అమెరికాలో అచ్చయిన అధ్యయనం చెప్పింది. నిద్రలో ఒంట్లో నీరు తగ్గుతుంది, కాలివేళ్లు చల్లబడతాయి. కీళ్లలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కట్టడానికి అది అనువైన వేళ, ఈ నొప్పి ఆ స్ఫటికాలదే.

2. నొప్పి ఉన్న రోజు రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే రావచ్చు. రెండు వారాలాగి మళ్లీ చేయించండి.

3. రోగిని నిందించకండి. మా నాన్న మాంసం ముట్టలేదు, అయినా "ఏం తిన్నావో" అనే మాట చచ్చేదాకా పడ్డాడు. ఏబీసీజీ2, ఎస్‌ఎల్‌సీ2ఏ9 అనే జన్యువుల్లో తేడా ఉంటే యూరిక్ యాసిడ్ ఒంట్లోంచి సరిగా బయటికి పోదు. అది పుట్టుకతో వచ్చేది. బెల్లం సంగతి మాత్రం మన చేతిలోనిదే. అందులోని ఫ్రక్టోజ్ కాలేయంలో విరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. మా కొండమీది పానకాలస్వామి ప్రసాదమైన బెల్లం పానకం ఒకప్పుడు చెంబెడు తాగేవాణ్ణి. ఇప్పుడు ఉద్ధరిణెడు కళ్లకద్దుకుని పుచ్చుకుంటున్నాను.

4. గురకను తేలిగ్గా తీసుకోకండి. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి రెండింటిదాకా నేసి, పడుకుని గురక పెట్టేవాణ్ణి. "ఏమండీ, నిద్రలో మీకు ఊపిరాగిపోతోంది" అని మా ఇంటావిడ ఎన్నిసార్లు చెప్పిందో. నేను వినలేదు, అది నా తప్పే. ఊపిరికీ గౌట్‌కూ లంకె ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1929లో హార్వర్డ్‌లో కండరాల్లోంచి వెలికితీసిన ఏటీపీ అనే పదార్థమే మన ఒంటికి శక్తినిచ్చేది. ఊపిరి ఆగి ఆగి వస్తే ప్రాణవాయువు చాలక ఆ ఏటీపీ విరిగిపోతుంది, విరిగి విరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతుంది.

5. మాత్ర మానకండి. నొప్పి పోయిందని రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ మంచం పట్టాను. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసీలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపే నిలవాలి. నేను వేసుకునే మాత్ర అల్లోప్యురినాల్, దాన్ని తెచ్చిన జార్జ్ హిచింగ్స్ చదువుకున్నది ఆ ఫిస్క్ దగ్గరే. ఆయనకూ ఆయనతో పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కూ 1988లో నోబెల్ వచ్చింది. రోజూ మాత్ర వేసుకునేటప్పుడు నాకు సుబ్బారావు గారు గుర్తొస్తారు.

6. నిరుడు మా కోడలు నా భార్య మాటే చెప్పింది: "మామయ్యా, ఆయనకు ఊపిరి ఆగుతోంది." ఈసారి విన్నాను. పెద్దవాణ్ణి నిద్ర పరీక్షకు నేనే తీసుకెళ్లాను. ఇప్పుడు వాడు ముక్కుకు గాలి అందించే మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాడు. రాత్రి మెలకువ వస్తే వాడి గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడి ఊపిరి వింటాను.