ఆకాశాన్నీ చూడండి, బిడ్డ ఊపిరినీ లెక్కపెట్టండి

వానలో తడిసి పిల్లవాడు ఇంట్లోకి వస్తే మన అమ్మమ్మ నోట ముందుగా వచ్చే మాట, "తల తుడుచుకోరా, పడిశం పడుతుంది" అని. చైనాలో అమ్మమ్మా అలాగే కంగారుపడుతుంది. కాకపోతే ఆమె చెయ్యి ముందు మనవడి మెడ వెనక్కి వెళుతుంది. రోగం తెచ్చే గాలి అక్కడి నుంచే ఒంట్లోకి దూరుతుందని వాళ్ల నమ్మకం. మెడ మీదా, వీపు పైభాగంలోనూ ఉన్న ఆక్యుపంక్చర్ బిందువుల పేర్లలో సైతం గాలి ఉంది. ఫెంగ్‌చీ అంటే గాలి కొలను, ఫెంగ్‌మెన్ అంటే గాలి తలుపు. ఆ తలుపు మూయడానికే మెడకు గుడ్డ చుడతారు.

ఆక్యుపంక్చర్, చైనా మూలికల పేరుతో ఈ ఆలోచనలు మన ఊళ్లకూ వచ్చాయి. వాటిలో మన పిల్లల కోసం ఏది తీసుకోవచ్చో, ఎక్కడ ఆగాలో నిదానంగా ఆలోచించుకుందాం.

చైనా సంప్రదాయ వైద్యానికి మూలగ్రంథం 'హువాంగ్‌డీ నైజింగ్', సుమారు రెండు వేల ఏళ్ల కిందటిది. ఆ సంప్రదాయం వాతావరణాన్ని ఆరు శక్తులుగా చూస్తుంది: గాలి, చలి, వేసవి ఎండ, చెమ్మ, పొడిదనం, అగ్ని. వేళకు వచ్చి మితంగా ఉన్నంతకాలం ఇవే ప్రాణాధారం. మితిమీరినా, కాలం కాని కాలంలో వచ్చినా రోగకారణం. గాలికి నిలకడ లేదు కాబట్టి చోటు మార్చే నొప్పి, ఉన్నట్టుండి లేచే దద్దుర్లు దాని పని అంటారు. చెమ్మ బరువైనది, పట్టుకుంటే వదలదు. అందుకని ఒళ్లు బరువెక్కడం, ఆకలి మందగించడం దాని ఖాతాలో వేస్తారు. శరదృతువులో వచ్చే పొడిదగ్గు పొడిదనానిది. ఒకే గాలి తగిలినా ఇంట్లో ఒకరే ఎందుకు మంచాన పడతారంటే, లోపలి బలం తగ్గినవాళ్లనే అది పట్టుకుంటుందని జవాబు. సోంగ్ వంశపాలన నాటి పిల్లల వైద్యుడు చియెన్ యీ, పసివాళ్ల అవయవాలు ఇంకా లేతవనీ, వాళ్లలో జబ్బు తీరు ఇట్టే మారిపోతుందనీ చెప్పాడు. ఆయన బోధనలను శిష్యుడు 1119లో గ్రంథంగా కూర్చాడు.

ఇందులో నాకు నచ్చేది ఆ చూపు. బిడ్డను రుతువులో పెట్టి చూడటం. చైనాలో పసిపిల్లలకు పొట్ట మీద కప్పే చిన్న గుడ్డ కడతారు, దాని పేరు దూదౌ. ఒంటి మీద ఇంకేమీ లేకపోయినా పొట్టకు చలి తగలకూడదని దాని ఉద్దేశం. వేసవిలో పెసలు ఉడికించి ఆ నీళ్లు తాగిస్తారు. పెసలు చలువ అన్న మాట మనకూ కొత్త కాదు. శరత్తులో బేరిపండు ఉడికించి పెడతారు. ఇవాళ ఎండ ఎలా ఉంది, బిడ్డ ఎన్నిసార్లు నీళ్లు తాగింది, ఆకలి ఎలా ఉంది అని రోజూ గమనించే ఇంట్లో పిల్లల జబ్బు తొందరగా కనిపెడతారు. ఈ అలవాటును మీరూ నిలుపుకోండి.

చలిగాలి భయంతో బిడ్డను బట్టల్లో ముంచేయకండి. వసంతంలో ఉన్ని బట్టలు తొందరపడి తీయవద్దని చెప్పే చైనా సామెతే, శరత్తులో వాటిని తొందరపడి తొడగవద్దని కూడా చెబుతుంది. నెలల పిల్లలకు తల మీద టోపీ, పైన రెండు దుప్పట్లు వేసి, కిటికీలు మూసి పడుకోబెట్టడం మంచిది కాదు. ఒళ్లు అతిగా వేడెక్కడం పసికందులకు ప్రమాదం. వీపు మీదో మెడ మీదో చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక పొర తీసేయండి.

ఇంకో మాట, ముఖ్యంగా నాన్నలకూ అత్తమ్మలకూ. జబ్బుకు గాలిని కారణం చేస్తే, ఆ గాలిలోకి బిడ్డను తీసుకెళ్లిన అమ్మ నేరస్తురాలవుతుంది. "నిన్న సాయంత్రం డాబా మీద తిప్పావు, అందుకే జ్వరం" అనే మాట రాత్రంతా మేలుకున్న తల్లిని ఎంత కుంగదీస్తుందో ఊహించండి. జలుబు తెచ్చేది వైరస్. చలికాలంలో తలుపులు మూసుకుని అందరం ఒకే గదిలో ఉంటాం కాబట్టి అది సులువుగా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. వాతావరణం దానికి దారి వేస్తుంది. ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు.

జబ్బుకు కారణం వాతావరణం ఒక్కటే కాదన్న ఈ సంగతి దగ్గరికి చైనా వైద్యులు తమ సొంత దారిలోనే నడిచారు. సుమారు 1,800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడి వంశంలో రెండు వందల మందికి పైగా ఉండేవారు. పదేళ్లు తిరగకుండా మూడింట రెండొంతుల మంది పోయారు. ఎక్కువమందిని తీసుకుపోయింది చలి వల్ల వచ్చే జ్వరమేనని ఆయన నమ్మాడు. ఆ దుఃఖంలోంచి పుట్టిన 'షాంగ్‌హాన్ లున్' గ్రంథం శతాబ్దాల పాటు వైద్యులకు దారి చూపింది. 1642లో వూ యోషింగ్ మరో మాట అన్నాడు. ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయే జ్వరాలకు చలీ వేడీ కారణం కావనీ, నోటి నుంచీ ముక్కు నుంచీ లోపలికి వెళ్లే వేరొక విషపదార్థం ఉందనీ రాశాడు. అప్పటికి సూక్ష్మజీవుల శాస్త్రం పుట్టనే లేదు. రోగుల పక్కన కూర్చుని చూసినది గ్రంథంతో పొసగనప్పుడు ఆయన రోగులనే నమ్మాడు. తల్లిదండ్రులు నేర్చుకోవలసింది అదే.

మలేరియా కథా అలాంటిదే. దక్షిణ చైనాలో చెమ్మ నిండిన అడవుల నుంచి లేచే చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని తరతరాలు నమ్మారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకూ చెడుగాలి అనే అర్థం. 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరం తెచ్చే పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ జ్వరానికి నేటి మందు ఆర్టిమిసినిన్ మాత్రం చైనా మూలికలోంచే వచ్చింది. నాలుగో శతాబ్దపు గ హోంగ్ వైద్యగ్రంథంలో ఒక సూచన చదివి, ప్రయోగశాలలో పరీక్షించి దాన్ని వెలికితీసిన తూ యోయోకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. పాత గ్రంథం దారి చూపింది, పరీక్ష దాన్ని మందు చేసింది.

మరి ఇంట్లో ఏం చేయాలి? వానాకాలం వస్తే చెమ్మ గురించి దిగులుపడటంతో సరిపెట్టకుండా కూలర్లో, పూలకుండీల కింద, పాత టైర్లలో నిలిచిన నీళ్లు పారబోయండి. డెంగీ దోమ పగలే కుడుతుంది. వేసవిలో విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. దగ్గూ జ్వరమూ ఉంటే బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పాపకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 ఉన్నా, అంతకంటే ఎక్కువైనా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అదొక్కటే చాలు ఆసుపత్రికి పరుగెత్తడానికి.

చైనా మూలికలు మీ అంతట మీరు ఇవ్వకండి. చలిజబ్బుకు వాళ్లు వాడే 'మా హువాంగ్' అనే మూలిక గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు వేసవిలో వీపు మీద అంటించే మూలికల పట్టీల వల్ల చర్మం బొబ్బలెక్కవచ్చు. వాటిని నమ్ముకుని డాక్టరిచ్చిన ఇన్‌హేలర్ ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మమ్మ మాట కొట్టేయకండి. తల తుడవండి, పొట్ట కప్పండి, పెసరకట్టు పెట్టండి. ఆ చేతుల్లో ఉన్నది బిడ్డ మీద ధ్యాస. అదే ధ్యాసతో చొక్కా పైకెత్తి ఒక్క నిమిషం ఊపిరి కూడా లెక్కపెట్టండి. బిడ్డ లోపల ఏం జరుగుతోందో ఆకాశం కన్నా ఆ గుండె పైన ఎగసిపడే చర్మం ముందు చెబుతుంది.