అమానతు – ఆవర్జా
విదేశాలలోని చిన్న సేవాసంఘాల ఆర్థిక నిర్వహణ

దానం చేయడం ఉత్తమ కార్యం. దానంగా వచ్చిన సొమ్మును భద్రపరచి, ఉద్దేశించిన వారికి చేర్చడం అంతకంటె కఠినమైన కార్యం. ఇచ్చినవాని బాధ్యత ఇవ్వడంతో తీరుతుంది. పుచ్చుకొన్నవాని బాధ్యత అక్కడే మొదలవుతుంది.

మన నెల్లూరు తీరం విపత్తులకు కొత్తది కాదు. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన పెనుతుపాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద – ఇట్టి వేళల్లో సముద్రాల కావల వున్న మనవారి మనస్సు సొంతూరి వైపు మళ్లడం సహజం. 1977లో న్యూయార్కులో తొలి సభ జరుపుకొన్న ఉత్తర అమెరికా తెలుగు సంఘం వంటి పెద్ద సంస్థల సంగతి వేరు. పది పన్నెండు కుటుంబాలు కూడి, జీతగాడు ఒక్కడైనా లేకుండా నడిపే చిన్న సంఘాలే ఈ వ్యాసానికి విషయం. అక్కడ కోశాధికారి పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి భోజనమైన తర్వాత పద్దులు వ్రాసుకొనే మనిషి.

బ్రిటనులో స్థిరపడిన మా మేనమామ అటువంటి కోశాధికారి. పన్నెండు కుటుంబాలవారు నెలనెలా కొంత వేసుకొని, మన తీరగ్రామాల పేదపిల్లలకు కాలేజీ ఫీజులు కట్టేవారు. సంఘానికి వేరే బ్యాంకు ఖాతా లేదు. సొమ్మంతా ఆయన సొంత ఖాతాలోనే వుండేది. మూడవ ఏటి సభలో ఒకరు లెక్క అడిగారు. నూటముప్పై పౌన్లకు ఆయన ఆధారం చూపలేకపోయారు. మారుమాట లేకుండా తన జేబులోనుంచి కట్టివేశారు. “తిన్నాడు గనుకనే కట్టాడు” అన్న మాట అప్పుడు పుట్టింది. సంఘం రెండుగా చీలింది. ఇక్కడ ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయికి ఫీజు ఆగిపోయింది. ఆమె మరల కాలేజీకి రాలేదు.

ఆయన మరణించిన తర్వాత పెట్టెలోని కాగితాలు నేనే సర్దాను. బ్యాంకు చీటీలన్నీ వరుసగా పేర్చి కూడితే ఆ నూటముప్పై పౌన్లూ తేలాయి. సొమ్ము పంపిన ప్రతిసారీ బ్యాంకు కోసుకొన్న రుసుమూ, మారకపు రేటులోని తేడా కలిసి అంత అయింది. ఆయన ఒక్క పెన్నీ ముట్టలేదు. వ్రాయలేదు, అంతే.

లెక్క దొంగను పట్టుకొనడానికని చాలామంది తలుస్తారు. నిజానికి లెక్క వల్ల ఎక్కువ మేలు పొందేవాడు నిజాయితీపరుడే. దివ్య ఖురానులో అన్నిటికంటె పొడవైన ఆయతు, బఖరా అధ్యాయంలోని 282వది, అప్పును వ్రాసుకొనుటను గురించీ, వ్రాయసకానిని గురించీ, సాక్షులను గురించీ చెప్పినది కావడం ఆలోచించదగిన సంగతి. నమ్మకం వున్నచోట వ్రాత ఎందుకన్న ప్రశ్నకు అది చాలిన సమాధానం.

ఇక ఆచరణలో పాటించవలసినవి చూద్దాము.

మొదటిది, సంఘం పేర వేరే బ్యాంకు ఖాతా వుండవలెను. సొమ్ము బయటకు పోవడానికి ఇద్దరి అనుమతి కావలెను. ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కారాదు.

రెండవది, మన పాత వర్తకులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు వుంచేవారు. ఏనాటి వ్యవహారం ఆనాడు చిట్టాకెక్కేది. తర్వాత పద్దులవారీగా ఆవర్జాలోకి పోయేది. చిన్న సంఘానికి నేటికీ ఆ పద్ధతి చాలును. వరుస సంఖ్య గల రసీదు లేనిదే జమ లేదు, ఆధారం లేనిదే ఖర్చు లేదు. నెలకొకసారి పుస్తకంలోని నిలువను బ్యాంకు నిలువతో సరిచూడవలెను. ఆ సరిచూచే పని కోశాధికారి కాక మరొకరు చేయడం మేలు.

మూడవది, దాత ఏ పనికని ఇచ్చాడో ఆ పద్దును విడిగా వుంచవలెను. ఇది మనకు తెలియనిది కాదు. తౌబా అధ్యాయపు 60వ ఆయతు జకాతుకు ఎనిమిది పద్దులు నిర్ణయించింది. ఆ సొమ్ముతో భవనానికి సున్నం కొట్టించరాదు. ఇంగ్లండు చట్టంలో కూడ ఒక ప్రత్యేక కార్యానికి వచ్చిన విరాళాన్ని వేరొక దానికి వాడుకొనే స్వేచ్ఛ ధర్మకర్తలకు లేదు.

నాల్గవది, సొమ్ము పంపిన తేదీ, ఆనాటి మారకపు రేటు, బ్యాంకు రుసుము, ఇక్కడ చేతికి అందిన రూపాయలు – ఈ నాలుగూ ఒకే వరుసలో వ్రాయవలెను. మా మేనమామ ఈ ఒక్కటి చేసివుంటే ఆ అమ్మాయి చదువు సాగేది.

అయిదవది, వాగ్దానం రాబడిని మించరాదు. పన్నెండు కుటుంబాలు నెలకు పది పౌన్ల చొప్పున ఇస్తే ఏటికి 1,440 పౌన్లు. బ్రిటనులో పన్ను కట్టే దాత సమ్మతి పత్రం ఇస్తే, గుర్తింపు పొందిన సంఘానికి ప్రభుత్వం పౌనుకు 25 పెన్నీలు చేరుస్తుంది, అది 360. మొత్తం 1,800 పౌన్లు. మూడు కుటుంబాలు వేరే వూరికి తరలిపోతే ఇదే మొత్తం 1,350కి దిగుతుంది. విద్యార్థికి మూడేళ్ల ఫీజు ఇస్తామని చెప్పేముందు ఈ తగ్గిన అంకెనే చూచుకొనవలెను. ఒక సంవత్సరపు ఫీజుకు సరిపడే నిలువ లేక కొత్త విద్యార్థిని చేర్చుకొనరాదు.

చట్టం తెలియకపోవడం కూడ ముప్పే. ఇంగ్లండు, వేల్సులలో ఏటా 5,000 పౌన్లకు మించిన రాబడి గల ధర్మసంస్థ సాధారణంగా చారిటీ కమిషన్ వద్ద నమోదు కావలెను. అమెరికాలో రాబడి తక్కువ వున్న సంఘం దాఖలు చేయవలసినది చిన్న నివేదికే అయినా, వరుసగా మూడేళ్లు మానివేస్తే పన్ను మినహాయింపు దానంతట అదే రద్దవుతుంది. ఎమిరేట్లలో అనుమతి లేనిదే విరాళాలు పోగుచేయడమే నేరం; గల్ఫులో మనవారు స్నేహితుల మధ్య చందా ఎత్తే ముందు ఇది గ్రహించవలెను.

సొమ్ము పుచ్చుకొనే ఇక్కడి సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 వర్తిస్తుంది. కేంద్ర హోం శాఖ వద్ద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని వుండవలెను. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాలోనికే మొదట రావలెను. దానిని మరొక సంఘానికి బదిలీ చేయరాదు. పరిపాలన ఖర్చులు నూటికి ఇరవై మించరాదు. భారత పౌరుడైన ప్రవాసి తన సంపాదనలోనుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకొన్నవాడు పంపినది, అక్కడ ఏర్పడిన సంఘం పంపినది మాత్రం విదేశీ విరాళమే. ఈ భేదం తెలియక మంచి ఉద్దేశంతోనే చిక్కుల్లో పడవచ్చును.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు కువైటుకో, లండనుకో పోతారు. మీ మంచితనం చూచి పదిమంది తమ డబ్బు మీ చేతిలో పెడతారు. ఆ అలవాటు ఇక్కడినుంచే మొదలు కావలెను. విహారయాత్ర చందా అయినా, హాస్టలు మెస్సు సొమ్ము అయినా, మిగిలిన అయిదు రూపాయలతో సహా లెక్క వ్రాసి నోటీసు బోర్డుపై పెట్టండి. మన కాలేజీ కమిటీ పెద్దలు పేద విద్యార్థుల సహాయనిధి లెక్కను ఏటేటా ఈ సంచికలోనే ఒక పుటగా ప్రకటించగలిగితే, మీకు అంతకంటె మంచి పాఠం నేను తరగతిలో చెప్పలేను.

మా మేనమామ చీటీల కట్ట నా బల్ల సొరుగులో వున్నది. నూటముప్పై పౌన్ల లెక్క దానిపై నా చేతితో వ్రాసిపెట్టాను. అడిగిన మనిషికి దానిని పంపించాను కూడ. అయితే అప్పటికి పద్నాలుగేళ్లు ఆలస్యమైపోయింది.