వేగం తగ్గిన కెమెరా: ఒక సలహా లేఖ



సెకనుకు 8 ఫ్రేములని పెట్టె మీద ముద్రించిన కెమెరా, జగిత్యాల ఫంక్షన్ హాలులో సరిగ్గా జీలకర్ర బెల్లం ముహూర్తానికి మూడింటితో సరిపెడుతున్నదంటే, దానిని సర్వీసు సెంటరుకు పంపే ముందు చూడవలసినది షట్టర్ వేగాన్ని. షట్టర్ వేగమనగా సెన్సరు మీద వెలుతురు పడే కాలం. అది పావు సెకనైతే, ఒక ఫ్రేము ముగియనిదే మరొకటి మొదలుకాదు గనుక, ఎంత ఖరీదైన కెమెరా అయినా సెకనుకు నాలుగుకు మించి తీయజాలదు. ఎపర్చర్ ప్రయారిటీ, అనగా లెన్సు ద్వారాన్ని ఫొటోగ్రాఫరు నిర్ణయించి షట్టర్‌ను కెమెరాకు వదిలే పద్ధతి, మసక వెలుతురులో చడీచప్పుడు లేకుండా ఈ స్థితికే తెస్తుంది. డయలును షట్టర్ ప్రయారిటీకి తిప్పి, 1/200 పెట్టి, ఐఎస్‌ఓను, అనగా వెలుతురుకు సెన్సరు స్పందించే తీరును, ఆటోలో ఉంచితే చాలా ఫిర్యాదులు అక్కడికక్కడే తీరిపోతాయి.

సిరిసిల్ల సాంచాల, అనగా మరమగ్గాల, షెడ్డులో చిక్కు వేరు. భారతదేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాతరకం ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. దూసుకుపోయే షటిల్‌ను కదలకుండా పట్టాలని 1/1000 పెట్టినప్పుడు, ఒక ఫ్రేములో పడుగు పోగులు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉండి, తరువాతి ఫ్రేములో అదే బట్ట మసకబారి రంగు మారడానికి కారణమిదే. యాంటీ ఫ్లికర్ అనే అమరిక వెలుగు శిఖరానికి చేరేదాకా షట్టర్‌ను ఆపి ఈ దోషాన్ని సరిదిద్దుతుంది గాని, ఆ నిరీక్షణ వల్లనే బరస్ట్, అనగా వరుస ఫొటోల, వేగం పడిపోతుంది; ఇది లోపం కాదు, చెల్లించే మూల్యం. కదలిక తక్కువైన చోట 1/100 చాలు. వీడియోలలో వినిపించే 1/60, 1/125 సలహాలు 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాకు చెల్లుతాయి.

కోరుట్లలో సద్దుల బతుకమ్మ నాడు మొదటి ఫొటోలు జోరుగా పడి, ఆపై కెమెరా నత్తనడక పట్టిందంటే, నిండినది బఫర్. అనగా ఫొటోలు కార్డుకు చేరేలోపు నిలిచే తాత్కాలిక జాగా. కొనుగోలు కేంద్రానికి లారీ రాక వడ్లు కుప్పలు పడినట్టే ఇదీ. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు సుమారు 25 ఎంబీ అనుకుంటే, 8 ఫ్రేములకు సెకనుకు 200 ఎంబీ రాయాలి. వీ30 గుర్తున్న కార్డు హామీ ఇచ్చేది కనీసం 30 మాత్రమే. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో బటన్ సగం నొక్కితే ఆర్ అక్షరం పక్కన మిగిలిన ఫ్రేముల అంకె కనిపిస్తుంది. ఆ అంకె సున్నాకు దిగిందంటే దోషం షట్టర్‌ది కాదు. జేపీఈజీకి మారడమో, వేలు ఎత్తి ఎత్తి చిన్న బరస్టులు తీయడమో కొత్త కార్డు కన్నా చవక.

ఫోకస్ కుదిరే దాకా ఫొటో తీయనివ్వని ఫోకస్ ప్రయారిటీ మరో అడ్డంకి. దానిని తీసేస్తే వేగం వస్తుంది, మసక ఫొటోలూ వస్తాయి. పెళ్లికి అది తగదు.

ఇవన్నీ చూసినా తేలకపోతే, బ్యాటరీ నిండా చార్జ్ చేసి, పట్టపగలు ఆరుబయట ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, ఫ్లాష్ మూసి, యాంటీ ఫ్లికర్ ఆపి, జేపీఈజీలో 1/500 వద్ద ఒక్క సెకను బరస్ట్ తీసి ఫొటోలు లెక్కించాలి. అప్పుడూ మూడే వస్తే, సర్వీసు సెంటరుకు నిశ్చింతగా వెళ్లవచ్చు.